గంజి వెనక దాగిన చివుకు: పాత గుడ్డలతో ఒక నెల (కేస్ స్టడీ)

గోదావరి జిల్లాల్లో ఒక చిన్న ఊళ్ళో ఇరవై రెండేళ్ళుగా ఆడవాళ్ళకు కుట్టు, అల్లకం నేర్పుతున్నాను. ఈ కేసు రాసిపెట్టడానికి కారణం ఉంది. ఇందులో పాడైనదాంట్లో కొంత నా సలహా వల్లే పాడైంది. అదే సలహా అంతకుముందు చాలామందికి ఇచ్చాను. ఇకముందు ఇవ్వకూడదని, నాలాగా నేర్పేవాళ్ళు కూడా ఒకసారి ఆలోచించాలని రాస్తున్నాను. ఆవిడ అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. కాబోయే అమ్మమ్మ కాబట్టి ఇక్కడ ఆవిడను అమ్మమ్మగారనే అంటాను.

నేపథ్యం

వయసు 58. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటినుంచి లేసు అల్లిన చెయ్యి. నర్సాపురం వైపు ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు అది కొత్త సంగతి కాదు. ఆ క్రోషే లేసుకే 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. కుట్టు మిషను కూడా బాగానే వచ్చు, జాకెట్లు సొంతంగా కుట్టుకుంటారు. కూతురు బెంగళూరులో ఉంటుంది. తొలి కాన్పు. పురిటికి పుట్టింటికి రావడానికి సరిగ్గా నెల ఉందనగా ఫోన్లో ఒక మాట అడిగిందట: "అమ్మా, బిడ్డకి కొత్తవేవీ కొనకు. ఇంట్లో ఉన్నవో, సంతలో దొరికే పాతవో తీసుకుని నీ చేత్తో చేసిపెట్టు."

ఇది మనకు వింత కోరికేమీ కాదు. పుట్టిన బిడ్డకు ముందు మెత్తబడిన పాత గుడ్డే చుడతాం, కొత్తబట్టల ముచ్చట తర్వాత. అమ్మమ్మగారు ఎంతో సంబరపడి ట్రంకుపెట్టె తెరిచారు. నూలు చీరలు పదకొండు, మావగారి కాలంనాటి పంచెలు అయిదు, నాలుగు పాత చొక్కాలు తేలాయి. ఆదివారం సంతలో రెండు స్వెట్టర్లు 160 రూపాయలకి, ఒక జీన్స్ ప్యాంటు 60కి, మందపాటి దుప్పటి 120కి కొన్నారు. మొత్తం ఖర్చు 340.

పాత డైరీలో తేదీలతో సహా రాసుకున్న పట్టిక నాకు చూపించారు. పెద్ద బొంత ఒకటి, చిన్న బొంత ఒకటి, ఉన్ని టోపీలు రెండు, మేజోళ్ళు రెండు జతలు, దిండు గలేబులు రెండు, లేసు అంచుల తువ్వాళ్ళు నాలుగు, ఆస్పత్రికి సంచి ఒకటి. పదమూడు వస్తువులు, అవి కాక లంగోటాలు. అంతా ముప్పై రోజుల్లో.

ఏ కష్టంతో వచ్చారు

పదో రోజున ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చారు. అందులోంచి చిన్న బొంత పైపొర తీసి నా బల్లమీద పరిచారు. అయిదంగుళాల చదరాలు, వరసకి ఏడు, తొమ్మిది వరసలు, మొత్తం 63. ఎర్ర సుంగుడి, గోధుమరంగు వెంకటగిరి, ఆకుపచ్చ మంగళగిరి చీరల ముక్కలు, మధ్యమధ్య తెల్ల చొక్కా గుడ్డ. రంగుల పొందిక చూస్తే కళ్ళకు పండగే. మిషను కుట్టు ఎక్కడా వంకర పోలేదు.

కానీ ఒక్క ఉతుకు ఉతికేసరికి పదకొండు చదరాలు కుట్టు పక్కనే చీలిపోయాయి. సుంగుడి ఎరుపు దిగి వెంకటగిరి ముక్కల మీద గులాబీ మరకలు పడ్డాయి. "టీచరుగారండీ, నా కుట్టులో ఏవైనా లోపం ఉందాండీ?" అని అడిగారు. ఆ మాట అడిగేటప్పుడు ఆవిడ చెయ్యి చీలిన చోటే ఉంది. రెండు అంచులూ దగ్గరికి జరిపి అతుక్కుంటాయేమో అన్నట్టు నొక్కుతున్నారు.

కుట్టులో లోపం లేదు. ఆ మాట అక్కడికక్కడే చెప్పాను. లోపం ఎక్కడుందో మాత్రం ఆ రోజు నాకూ పూర్తిగా అంతుపట్టలేదు.

మొదట చేసినవి, ఎందుకు కుదరలేదు

గుడ్డ బలహీనంగా ఉందని కనిపిస్తూనే ఉంది. అలాంటప్పుడు నేను ఎప్పుడూ చెప్పే ఉపాయమే చెప్పాను. చీలిన ముక్కలు విప్పి, వెనక కాలరుకి వేసే ఫ్యూజింగ్ అతికించి ఇస్త్రీ చేసి, మళ్ళీ కలపమన్నాను. గుడ్డకు బలం లేకపోతే వెనక బలం పెట్టాలన్నది అప్పటి నా లెక్క.

రెండు రోజులు పట్టింది. ముక్కలైతే నిలబడ్డాయి, కానీ అట్టలా బిగుసుకున్నాయి. బొంత కుట్టు వేద్దామంటే జిగురు పొరలోంచి సూది దిగదు. దిగినచోట కన్నం పెద్దదై, ఆ కన్నం దగ్గరే మళ్ళీ చిరుగు మొదలు. పైగా పసిబిడ్డ ఒంటికి తగిలే గుడ్డ అది. మెత్తదనం కోసమే పాత చీర ఎంచుకుని, దానికి జిగురు పూసి బిరుసు చేశాం. ఆ పని ఎందుకు చేయించానా అని నాకు నిజంగా బాధ కలిగింది. పన్నెండో రోజుకి ఆపించేశాను.

తర్వాత ఆవిడే రఫూ చేస్తానన్నారు. రఫూ పని ఆవిడకు బాగా వచ్చు. ఒక చదరానికి నలభై నిమిషాలు పట్టింది, పదకొండూ చెయ్యాలంటే ఏడు గంటల పైమాటే. మూడు చేశాక మొదటిదాని పక్కన ఇంకోచోట కొత్తగా విచ్చుకుంది. అప్పుడే నేను చెయ్యి అడ్డం పెట్టి, "అక్కయ్యగారూ, ఇక కుట్టొద్దు. ముందు ఈ గుడ్డలు చూద్దాం" అన్నాను. మొదటిరోజే చెయ్యాల్సిన పని అది.

గుడ్డను చదవడం

చీరలు ఎంచేటప్పుడు ఎలా చూశారని అడిగాను. లాగి చూశానన్నారు, గట్టిగానే ఉన్నాయన్నారు. అబద్ధమేమీ కాదు. మిగిలిన చీర ముక్కలు నేను లాగినా గట్టిగానే ఉన్నాయి. అప్పుడు ఒక ముక్క చేతిలో నలుపుతుంటే వేళ్ళకు సన్నటి పొడి అంటింది. గంజి.

అమ్మమ్మగారి ఇంట్లో నూలు చీర ఏదైనా గంజి పెట్టి, నీడన ఆరేసి, మడత పెట్టాల్సిందే. ఆ చీరలు గంజితోనే ఏళ్ళ తరబడి పెట్టెలో ఉండిపోయాయి. గంజి పోగును పోగుకు అతికించి ఉంచుతుంది కాబట్టి చివికిన గుడ్డ కూడా చేతికి బిర్రుగా తగులుతుంది. నీళ్ళలో పడగానే గంజి కరుగుతుంది, అసలు సంగతి బయటపడుతుంది. పైగా గంజి పెట్టిన మడత ఏళ్ళకేళ్ళు ఒకేచోట నలిగితే ఆ గీత వెంబడే పోగు విరుగుతుంది. చీలిన చదరాల్లో కొన్నిట్లో చిరుగు సూటిగా గీత గీసినట్టు ఎందుకుందో అప్పుడు తెలిసింది. అవి మడత గీతలు.

మిగతా చీరలూ, అయిదు పంచెలూ రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, రెండుసార్లు ఝాడించి, గంజి లేకుండా ఆరేయించాను. మర్నాడు ఇద్దరం కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ చూశాం. మొదట వెలుతురుకి ఎత్తి పట్టుకోవాలి. నేత పలచబడినచోట వెలుగు మరకలు మరకలుగా వస్తుంది. తర్వాత రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన ఆనించి, అంగుళం మేర గుడ్డ బిగించి, పడుగు (నిలువు పోగు) వైపు ఒకసారి, పేక (అడ్డు పోగు) వైపు ఒకసారి లాగాలి. చేవ ఉన్న గుడ్డ వేళ్ళను ఎదురు లాగుతుంది. చివికిన గుడ్డ చర్రుమని కూడా అనదు. దూదిపింజ విడిపోయినట్టు మెత్తగా విడిపోతుంది.

ఒకే చీరలో కూడా చేవ అంతటా ఒకేలా ఉండదు. కూర్చునేచోట నలిగి ఉంటుంది, కుచ్చిళ్ళ కింది అంచు నేలకు రాసుకుని అరిగి ఉంటుంది, పవిట భుజం దగ్గర పిన్నీసు కన్నాలుంటాయి. లోపల దోపుకునే చెంగు ఎండ చూడదు, రాపిడి తక్కువ. చాలా చీరల్లో అదే అన్నిటికంటే గట్టిగా ఉంది. సుద్దముక్కతో గుడ్డ మీదే మూడు గుర్తులు పెట్టాం. గట్టిది, నడిమిరకం, లోపలికి మాత్రమే పనికొచ్చేది.

ఈ మూడో గుర్తు దగ్గరే నా ఆలోచన మారింది. చివికిన గుడ్డను పారెయ్యాలా అని ఆవిడ అడిగినప్పుడు, మా నాయనమ్మ కుట్టిన బొంతలు గుర్తొచ్చాయి. పైన కింద గట్టి గుడ్డ, లోపల ఇంట్లో ఇక దేనికీ పనికిరాని పీలికలు. ఆ పీలికలు బొంతలో ఏళ్ళు బతికేవి. లోపలి గుడ్డ మీద లాగుడు పడదు కాబట్టి బతికేవి. బొంత బలం ఏ ఒక్క గుడ్డదీ కాదు. పొరలన్నిటినీ పట్టి ఉంచే వందల టాకాలది. చదరాలు కలిపి కుట్టిన పైపొరలో అలా కాదు. ఎక్కడ లాగినా ఆ బరువంతా కుట్టు మీద పడుతుంది, కుట్టుకి అటూ ఇటూ ఉన్న గుడ్డల్లో బలహీనమైనది ముందు పోతుంది. తెల్ల చొక్కా గుడ్డ పక్కన ఉన్న చీర ముక్కలే ఎక్కువ చీలాయని అప్పుడు లెక్కబెట్టి చూశాం. పదకొండులో ఎనిమిది. గంతకు తగ్గ బొంత అన్న మాట గుడ్డల విషయంలో అక్షరాలా నిజం. పక్కపక్కన కలిపే రెండు గుడ్డల చేవ సమానంగా ఉండాలి.

పని చేసిన దారి

చిన్న బొంత మళ్ళీ మొదలుపెట్టాం. కొలత అదే, 35 అంగుళాలు, 45 అంగుళాలు. ఈసారి చదరాలు కలపలేదు. అడుగున పంచె ఒకే ముక్కగా, మధ్యలో 'లోపలికి' గుర్తు పెట్టిన చీరలు రెండు పొరలు, పైన మరో పంచె ఒకే ముక్కగా. ఆవిడకు రంగులు కావాలి, ఆ కోరిక న్యాయమైనదే. అందుకని రంగు ముక్కలను పైపంచె మీద అతుకులుగా, అంచు మడిచి చేతితో కుట్టించాను. అతుకు కింద పంచె పూర్తిగా ఉంటుంది, లాగుడు పంచె మోస్తుంది. రేపు అతుకు చివికినా అది ఊడదీసి ఇంకోటి వేసుకోవచ్చు, బొంతకు ఏమీ కాదు.

సుంగుడి ముక్కల్ని ఉప్పునీళ్ళలో నానబెట్టానని ఆవిడ అన్నారు. చాలా ఇళ్ళల్లో చేసేదే. అద్దకంలో ఉప్పుకు పని ఉంది కానీ, అద్దడం అయిపోయిన గుడ్డలో వదులుగా మిగిలిన రంగును ఇంట్లో ఉప్పునీళ్ళు ఆపుతాయని నమ్మకం పెట్టుకోకూడదు. తడిపి, తెల్లగుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీతో ఒత్తి చూశాం. అయిదో ఉతుకు తర్వాత కూడా తెల్లగుడ్డకు ఎరుపు అంటింది. సుంగుడిని పక్కన పెట్టేశాం. ఆవిడకు మనసొప్పలేదు. తర్వాత అది సంచికి లోపలి అస్తరుగా వాడుకున్నారు.

దారం గురించి కూడా పేచీ వచ్చింది. ఆవిడ పాలిస్టర్ మిషను దారం గట్టిదని అదే వేస్తానన్నారు. నేను నూలు దారం రెండు పోగులు చాలన్నాను. నా లెక్క ఇది: ఎప్పుడో ఒకనాడు ఏదో ఒకటి తెగక తప్పదు. తెగితే దారం తెగాలి, గుడ్డ తెగకూడదు. దారం పది నిమిషాల్లో మళ్ళీ వేసుకోవచ్చు.

కాలం లెక్క కూడా అప్పుడే వేశాం. చిన్న బొంతకు అంగుళానికో వరస చొప్పున 44 వరసలు. ఆవిడ చేతికి వరసకు పన్నెండు నిమిషాలు పట్టింది, అంటే తొమ్మిది గంటల పని. పెద్ద బొంత అరవై అంగుళాల వెడల్పు, తొంభై పొడవు, అరంగుళానికో వరస వెయ్యాలని పట్టికలో ఉంది. 179 వరసలు, వరసకు ఇరవై నిమిషాలు. దాదాపు అరవై గంటలు. ఆవిడకు రోజుకు చేతికి దొరికేది గంటన్నర, నెల మొత్తానికి నలభై అయిదు గంటలు. ఆ ఒక్క బొంతకే నెల చాలదు. నేను చెప్పకముందే ఆవిడ డైరీ తీసి పెద్ద బొంత కొట్టేశారు.

అల్లకం సంగతి

సంతలో కొన్న మొదటి స్వెట్టరు విప్పబోతే రెండు మూరలకో ముక్క వచ్చింది. పక్క కుట్టు ఓవర్‌లాక్ చేసి ఉంది. అంటే అల్లిన గుడ్డను కత్తిరించి కుట్టారు, ప్రతి వరస చివరా దారం తెగి ఉంటుంది. కొనేటప్పుడే లోపలివైపు తిప్పి పక్క కుట్టు చూడాలి. రెండోది బాగానే విప్పుకుంది. పోగు కాల్చి చూస్తే కరిగి గట్టి పూసలా అయింది, ఉన్ని కాదు, ఆక్రిలిక్.

ఆ దారంతో ఆవిడ టోపీ అల్లిన తీరు నాకు చాలా నేర్పింది. లేసు చెయ్యి కదా, బిగువు, వరస ముచ్చటగా ఉన్నాయి. కానీ తయారైన టోపీ చుట్టుకొలత పదహారు అంగుళాలు, ఉతికాక పద్దెనిమిది. పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత దాదాపు 35 సెంటీమీటర్లు, పద్నాలుగు అంగుళాల లోపు. ఆవిడ ఎవరో చెప్పిన 64 కుట్ల లెక్క పట్టుకున్నారు. అది సన్నదారం లెక్క. ఈ దారానికి అంగుళానికి నాలుగు కుట్లు, 52 సరిపోతాయి. ఉతికాక సాగడానికి కారణం వేరు. విప్పిన దారం మెలికలు మెలికలుగా ఉంటుంది, ఆ మెలికల మీదే అల్లారు. నీళ్ళు తగిలేసరికి మెలికలు సాగాయి. జీవితమంతా కొత్త నూలు దారంతో అల్లిన చెయ్యి అది, దారం మారుతుందన్న అనుమానమే దానికి రాలేదు. విప్పిన దారాన్ని చిలపగా, అంటే పొడుగాటి కట్టగా చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, కింద చిన్న బరువు కట్టి ఆరేస్తే మెలికలు పోతాయి. ఆ తర్వాతే నాలుగంగుళాల నమూనా అల్లి, ఉతికి, కొలవాలి.

ఈలోగా వియ్యపురాలి దగ్గర్నుంచి ఫోన్: "ఎవరో కట్టి విడిచినవి బిడ్డకెందుకండీ, వదినగారూ?" వేడినీళ్ళలో ఉతికామని, ఎండలో మూడు రోజులు వేశామని అమ్మమ్మగారు చెప్పి చూశారు. ఆ మాట పనిచెయ్యలేదు. పని చెయ్యదని నేనూ అనుకున్నాను, ఎందుకంటే వియ్యపురాలు అడిగింది మురికి గురించి కాదు. అందుకే గుట్టలు రెండు చేశాం. బిడ్డ ఒంటికి తగిలేవన్నీ ఇంటివాళ్ళ బట్టలతోనే. సంతవి పెద్దవాళ్ళ వస్తువులకి. ఈ మాట ఫోన్లో చెప్పగానే వియ్యపురాలు శాంతించారు. నాలుగు రోజులకు తన పెళ్ళినాటి నూలు చీర ఒకటి ఆవిడే పంపారు.

టోపీకి కూడా ఇంటి దారమే దొరికింది. కూతురు హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదివినప్పుడు పిన్ని చేత్తో అల్లి ఇచ్చిన నీలం స్వెట్టరు. చేతి అల్లిక కాబట్టి ముడి దొరకగానే ఒకే పోగుగా విప్పుకుంది. కాల్చి చూస్తే వెంట్రుకలు కాలిన వాసన, అసలు ఉన్ని. ఉన్ని పసి చర్మానికి గరుకుగా ఉంటుందని లోపల పంచె గుడ్డ అస్తరు వేయించాను.

మేజోళ్ళు మాత్రం నేను వద్దన్నాను. అప్పటికే ఒక జత అయింది, బొమ్మకు తొడిగేవాటిలా ముద్దుగా ఉన్నాయి. లోపలికి తిప్పి చూపించాను. వదులు పోగులు, దారం కొసలు. పసిబిడ్డ కాలివేలికి అలాంటి పోగు చుట్టుకుంటే రక్తం ఆడకుండా బిగుసుకుపోతుంది, బిడ్డ ఎందుకు ఏడుస్తోందో మనకు తెలియదు. బొంతకు లేసు అంచు కూడా ఇదే కారణంతో మానిపించాను, వేళ్ళు దూరే కన్నాలు అవి. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. ఆవిడకు అన్నిటికంటే బాగా వచ్చిన విద్యను బిడ్డకు ఇవ్వొద్దంటున్నాను కదా. ఆ లేసు బాలింత దిండు గలేబుకు వేద్దామన్నాను. ఆ గలేబు మీద ఆవిడ పెట్టిన శ్రద్ధ ఈ నెల మొత్తంలో నేను చూసిన అన్నిటికంటే మంచి పని.

జీన్స్ సంచి సులువుగానే అయింది. కుట్లు కలిసేచోట సూది విరిగితే, ఆ మందం మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేసి అణిచి, 16 నంబరు సూది వేయించాను.

నెలాఖరుకి, ఆ తర్వాత

పదమూడింటిలో నాలుగు అయ్యాయి. చిన్న బొంత, అస్తరు వేసిన టోపీ, ఒక గలేబు, సంచి. ఇవి కాక రెండు పంచెల్లోంచి, అరిగినచోట వదిలేసి, చదరం లంగోటాలు పంతొమ్మిది. బొంత బిడ్డ మీద కప్పొద్దని, నిద్రలో మంచంమీద వదులుగా ఉంచొద్దని, మెలకువగా ఉన్నప్పుడు నేలమీద పరచడానికని కూతురికి నేనే చెప్పాను. ఏడాదిలోపు పిల్లల విషయంలో డాక్టర్లు చెప్పే జాగ్రత్త అది.

నా తరగతిలో ఇప్పుడు పాత గుడ్డ తెచ్చినవాళ్ళు మొదటిరోజు కత్తెర ముట్టుకోరు. గంజి వదిలే దాకా నానబెట్టి, కిటికీ దగ్గర కూర్చుని సుద్దతో గుర్తులు పెట్టాకే నమూనా గురించి మాట. ఫ్యూజింగ్ సలహా కాలర్లకూ చేతిపట్టీలకూ మాత్రమే ఇస్తున్నాను. ఇంతకుముందు ఆ సలహా ఇచ్చినవాళ్ళలో అందుబాటులో ఉన్న ఇద్దరికి ఫోన్ చేసి చెప్పాను.

బిడ్డకిప్పుడు అయిదో నెల. బొంత వాషింగ్ మిషనులో కనీసం ఇరవైసార్లు తిరిగిందట. పంచె ఎక్కడా చీలలేదు. ఆకుపచ్చ అతుకులు రెండు అంచు దగ్గర లేచాయి, దారమే తెగింది. అమ్మమ్మగారు కూర్చుని మళ్ళీ కుట్టారు. ఇప్పుడు పెద్ద బొంత మొదలుపెట్టారు, డైరీలో తేదీ వెయ్యలేదు. మధ్యపొరలో ఆ చివికిన వెంకటగిరి చీర ఉంది. దాని అంచు నేత మాత్రం గట్టిగానే ఉండటంతో విడదీసి చుట్టూ పట్టీగా వేస్తున్నారు. నిన్నటికి ముప్పై ఒక్క వరసలు.